సింగరేణి బాయిల పక్కన నీళ్లు, మట్టి, అడవి: తరచుగా అడిగే ప్రశ్నలు

బొగ్గుబెల్టులో "మన దగ్గరికి ఓసీ (ఓపెన్‌కాస్టు గని) వస్తుందట" అన్న మాట పుట్టిందంటే చాలు, టీ హోటల్ ముందు ఇవే ప్రశ్నలు మొదలవుతాయి. కొత్తగూడెం నుంచి శ్రీరాంపూర్ దాకా మళ్లీ మళ్లీ వినిపించేవాటిని ఇక్కడ ఒకచోట పెట్టాను. జవాబులన్నీ గోదావరి లోయ గనుల గురించే. పోలిక అవసరమైన చోట మాత్రమే బయటి ఊసు ఎత్తాను.

ఇక్కడ బొగ్గు ఎప్పటి నుంచి తీస్తున్నారు?

ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ (డెక్కన్) కంపెనీ తవ్వే హక్కు తీసుకుంది, 1889 నాటికి బొగ్గు బయటికి రావడం మొదలైంది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. సింగరేణి అన్నది ఖమ్మం జిల్లా కారేపల్లి దగ్గరున్న ఊరి పేరు. ఇప్పుడు కంపెనీలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. 2023-24లో తీసిన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు.

బొగ్గు పొరలు ప్రాణహిత, గోదావరి వెంట దాదాపు 350 కిలోమీటర్లు సాగుతాయి. అంటే బొగ్గు దొరికేది నది పక్కన, అడవి కింద. మిగతా ప్రశ్నలన్నీ పుట్టేది అక్కడే.

బాయికీ ఓసీకీ తేడా ఏమిటి? భూమికి ఏది ఎక్కువ నష్టం?

భూగర్భ గనిని మావైపు బాయి అంటారు. సొరంగం వేసి, పైన భూమిని అలాగే ఉంచి, లోపల్నుంచి బొగ్గు తీస్తారు. ఓపెన్‌కాస్టులో అలా కాదు. చెట్లు కొట్టి, పైమట్టి ఎత్తి, దాని కింద ఇసుకరాయిని పేల్చి, ఆ రాతినంతా బయట పోసి బొగ్గును చేరుకుంటారు. సింగరేణిలో ఒక టన్ను బొగ్గుకి సగటున అయిదారు ఘనపు మీటర్ల మట్టీ రాయీ తీయాలి. లెక్క అర్థం కావాలంటే, ఒక టన్ను బొగ్గు కోసం రెండు ట్రాక్టర్ ట్రిప్పుల మట్టి. దాన్ని ఏడు కోట్లతో హెచ్చవేసి చూడండి, డంపులు గుట్టలంత ఎందుకున్నాయో తెలుస్తుంది.

1970ల దాకా ఇక్కడ అంతా బాయిలే. ఇప్పుడు ఉత్పత్తిలో పదింట తొమ్మిది పాళ్లకు పైగా ఓసీలదే. ఖర్చు తక్కువ, ప్రాణాపాయం తక్కువ, బొగ్గు త్వరగా వస్తుంది. కార్మికుడి వైపు నుంచి చూస్తే చీకట్లో బొగ్గు ఎత్తే తట్టా చెమ్మస్ పట్టుకుని దిగే రోజులు పోయాయి, అది చిన్న సంగతి కాదు. భూమి వైపు నుంచి చూస్తే మాత్రం ఓసీయే ఎక్కువ నష్టం, అందులో అనుమానం లేదు. నష్టం ఎంత పెద్ద గొయ్యి తవ్వారన్న దాంట్లో కన్నా, పొరల వరస చెదిరిపోవడంలో ఉంది. పైన నల్లరేగడి, దాని కింద సుద్ద, దాని కింద నీళ్లు పట్టే ఇసుకరాయి, ఇంకా కింద బొగ్గు. ఈ వరస కుదరడానికి కోట్ల ఏళ్లు పట్టింది. గొయ్యిని మళ్లీ మట్టితో పూడ్చినా ఆ వరస తిరిగి రాదు. అన్నీ కలిసిపోయి ఒక్క ముద్దవుతాయి.

ఓసీ వచ్చాక మా బావి ఎందుకు ఎండిపోయింది? బాయి ఉన్నప్పుడు ఇలా లేదు.

అందరూ మొదట అడిగేది ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చెప్పుకుందాం.

బొగ్గు ఉండే రాతి వర్గాన్ని బరాకర్ అంటారు. చాలాచోట్ల దాని మీద కామఠీ ఇసుకరాయి ఉంటుంది. ఈ కామఠీ రాయి స్పాంజి లాంటిది. వాన నీరు అందులోకి ఇంకి, నెమ్మదిగా పల్లానికి నడుస్తుంది. మీ బావిలో ఊరే నీళ్లు, ఎండాకాలం వాగులో కనిపించే చెలమ నీళ్లు, గుట్ట కింద బుగ్గ, అన్నీ చాలావరకు దాని పుణ్యమే.

ఇప్పుడు ఆ స్పాంజిని నూట యాభై, రెండు వందల మీటర్ల లోతుకి కోశారనుకోండి. నీళ్లు నాలుగు వైపుల నుంచీ గొయ్యిలోకి కారతాయి. బొగ్గు తీయాలంటే అడుగు పొడిగా ఉండాలి, అందుకని మోటార్లు పెట్టి రాత్రీ పగలూ తోడతారు. తోడే కొద్దీ చుట్టుపక్కల నీటిమట్టం గిన్నె ఆకారంలో కుంగుతుంది. గని అంచున ఎక్కువ, దూరం పోయే కొద్దీ తక్కువ. ఆ గిన్నె లోపల పడిన బావులు ఒకదాని తర్వాత ఒకటి ఎండుతాయి. ముందు ఎండేది ఎనిమిది పది మీటర్ల చేదబావి. తర్వాత తక్కువ లోతు బోరు. మూడు వందల అడుగుల బోరు వేయించుకోగలిగిన రైతుకి ఇంకా నీళ్లుంటాయి. ఒకే గని పక్కన ఒకే వీధిలో ఒకరు "మాకేం కాలేదు" అనడానికీ, ఇంకొకరు బిందె పట్టుకుని ట్యాంకర్ కోసం నిలబడడానికీ తేడా ఇదే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

బాయిల్లో కూడా నీళ్లు తోడతారు. కానీ అక్కడ పైనున్న ఇసుకరాయి చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటుంది, నీళ్లు పగుళ్లలోంచి మాత్రమే దిగుతాయి. కప్పును మోయడానికి వదిలిన బొగ్గు పిల్లర్లను కూడా తీసేసి కప్పు కూల్చినప్పుడు ఆ పగుళ్లు పైదాకా వస్తే బాయి పక్కనా బావులు ఎండుతాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఎండిన ప్రతి బావికీ గనే కారణం కాదు. పత్తికీ మిర్చికీ పోటాపోటీగా బోర్లు వేసిన ఊళ్లలో గని లేకున్నా నీటిమట్టం పడిపోయింది. ఏది దేనివల్ల అని తేల్చాలంటే గని రాకముందు నీటిమట్టం ఎంతుందో తెలియాలి. ఆ లెక్క మన దగ్గర ఉండదు, చిక్కంతా అక్కడే. దాని గురించి చివర చెబుతాను.

గనిలోంచి తోడిన నీళ్లు చెరువుల్లోకే వదులుతున్నారు కదా, ఇంక నష్టమేముంది?

నిజమే, చాలా ఊళ్లలో ఆ నీళ్లతో చెరువులు నిండుతున్నాయి, వరి పండుతోంది. ఎండాకాలం మత్తడి దూకే చెరువు బొగ్గుబెల్టులో తప్ప ఇంకెక్కడ కనిపిస్తుంది?

అయితే రెండు సంగతులు గుర్తుండాలి. ఒకటి, భూమి లోపలున్నప్పుడు ఆ నీళ్లు గిన్నె కిందికి వచ్చే ఊళ్లన్నిటివీ. పైకి తోడి వదిలాక కాల్వ ఎటు పోతే ఆ ఊరివి. లాభపడే ఊరూ నష్టపోయే ఊరూ ఒకటి కావు. రెండోది, ఆ నీళ్లు గని నడిచినన్నాళ్లే. మోటార్లు ఆపిన రోజు కాల్వ ఆగుతుంది. ఆ నీటిని నమ్మి రెండో పంటకు అలవాటు పడ్డ ఆయకట్టు ఏం చేయాలో ఎవరూ ముందుగా చెప్పరు.

ఆ నీళ్లు తాగొచ్చా?

పరీక్ష చేయించకుండా తాగకండి. గని నీళ్లలో సన్నటి మట్టి, ఉప్పుల వల్ల వచ్చే గట్టిదనం, సల్ఫేట్లు ఎక్కువగా ఉండొచ్చు. పేలుడు మందు అమ్మోనియం నైట్రేటు కాబట్టి నైట్రేట్లు కూడా చేరే వీలుంది. సంప్‌లో తేర్చి వదిలితే మట్టి కిందికి దిగుతుంది, కరిగినవి దిగవు.

ఒక విషయంలో మన అదృష్టం బాగుంది. సింగరేణి బొగ్గులో గంధకం ఒక శాతం లోపే. గంధకం ఎక్కువుంటే గాలీ నీరూ తగిలి ఆమ్లం పుడుతుంది. మేఘాలయలోని జయంతియా కొండల్లో అదే జరిగింది. అక్కడ ఎలుక బొరియల్లాంటి గనుల నుంచి కారిన ఆమ్లానికి నదుల్లో చేపలు చచ్చిపోయాయి, లూఖా నది చలికాలంలో నీలం రంగుకి తిరుగుతుంది. 2014లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ తరహా తవ్వకాన్ని నిషేధించింది. మన దగ్గర ఆ స్థాయి ఆమ్లం లేదు. లేని ప్రమాదాన్ని చెప్పి భయపెడితే ఉన్న ప్రమాదం గురించి చెప్పినా ఎవరూ నమ్మరు.

మట్టి గుట్టల మీద పచ్చగా చెట్లున్నాయి. అడవి తిరిగొచ్చినట్టేనా?

సింగరేణి కోట్ల మొక్కలు నాటింది, కొన్ని పాత డంపులు దూరం నుంచి నిజమైన గుట్టల్లాగే ఉంటాయి. నేను ఎక్కి చూసినవాటిలో చెట్లు బతికాయి. వాన నీటికి గుట్ట కోసుకుపోకుండా ఆపడానికి ఆ చెట్లు చాలు, దుమ్ము కూడా తగ్గుతుంది.

కానీ దాన్ని అడవి అనడానికి నాకు నోరు రాదు. పోయిన అడవిలో టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, ఉసిరి, వెదురు, వాటి కింద గడ్డి, గడ్డలు, పుట్టలు, తేనెపట్లు ఉండేవి. కోయ ఇంట్లో ఏప్రిల్ అంటే ఇప్పపూలు ఏరే కాలం, మే వస్తే తునికాకు కట్టలు కట్టే కాలం. చేతిలో నాలుగు డబ్బులు ఆడేది అప్పుడే. ఒకేసారి నాటిన, ఒకే వయసున్న, త్వరగా పెరిగే రకాల తోటలో ఇవేవీ దొరకవు. పైగా డంపు మీద ఉన్నది మట్టి కాదు, రాతి పొడి. పైమట్టిని విడిగా తీసి దాచి, మళ్లీ పైన పరవాలని నిబంధన ఉంది. ఏళ్ల తరబడి కుప్పగా పోసి ఉంచితే ఆ మట్టిలోని సూక్ష్మజీవులు, విత్తనాలు చచ్చిపోతాయి, తర్వాత పరిచినా అది జీవం లేని మట్టే.

పోయిన అటవీ భూమికి బదులుగా వేరేచోట అడవి పెంచాలని చట్టం చెబుతుంది. ఆ వేరేచోటు పక్క జిల్లాలో ఉంటే ఇక్కడి వాళ్లకి తునికాకు వస్తుందా? కవ్వాల్ పులుల అభయారణ్యానికి మహారాష్ట్ర తాడోబా నుంచి పులులు వచ్చే దారి మంచిర్యాల, ఆసిఫాబాద్ అడవుల మీదుగానే పోతుంది. అక్కడ ముక్కలైన అడవికి ఎక్కడో పెంచిన తోట సాటి రాదు.

వాగును మళ్లిస్తామంటున్నారు. ఫరవాలేదా?

ఫరవాలేదో కాదో చెప్పాలంటే మళ్లించే కాల్వ పటం చూడాలి. వాగంటే నీళ్లు పారే దారి మాత్రమే కాదు. దాని అడుగున ఇసుక ఉంటుంది, ఆ ఇసుక కింద నీళ్లు దాగుతాయి, రెండు గట్లనా బావులు ఊరుతాయి. తిన్నగా తవ్విన మట్టి కాల్వలో నీళ్లు వేగంగా పోతాయి, ఇంకవు. డంపుల నుంచి కొట్టుకొచ్చే బూడిదరంగు మట్టి కింది చెరువులో పూడిక అవుతుంది. డంపు చుట్టూ కాల్వ, అడుగున రాతి కట్ట ఉండాలని అనుమతి పత్రాల్లోనే రాసి ఉంటుంది. జూన్ మొదటి వారంలో వెళ్లి చూడండి, ఆ కాల్వ పూడిక తీసి ఉందో లేదో. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

దుమ్ముతో పత్తి నల్లబడుతోంది. దీనికి ఏమైనా చేయొచ్చా?

దుమ్ము ఎక్కువగా లేచేది గొయ్యిలో కాదు, దారి మీద. డంపర్లు తిరిగే రోడ్డు, బొగ్గు లారీలు పోయే తారు రోడ్డు, బొగ్గును పగలగొట్టి పంపే సీహెచ్‌పీ, రైలుకెక్కించే సైడింగు. ఆకు మీద దుమ్ము పడితే మొక్కకి ఎండ అందదు, పూత రాలుతుంది. పత్తి రంగు మారితే కొనేవాడు ధర కోసేస్తాడు. మామిడి పూతకీ ఇదే గతి.

నీళ్ల ట్యాంకర్లు చల్లుతారు, ఎండాకాలం గంటకల్లా ఆరిపోతుంది. అసలు ఉపాయం లారీ తగ్గించడం. సత్తుపల్లి బొగ్గు కోసం కొత్తగూడెం వైపు నుంచి 50 కిలోమీటర్లకు పైగా రైలు మార్గం వేసింది అందుకే. 2022 నుంచి దాని మీద బొగ్గు పోతోంది. రైలు లేనిచోట కనీసం లారీ మీద టార్పాలిన్ కప్పించండి. గాలిలో సన్నటి దుమ్ము 24 గంటల సగటున ఘనపు మీటరుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదన్నది జాతీయ ప్రమాణం. కొలత యంత్రం ఊళ్లో ఎక్కడ పెట్టారో అడగండి. లారీలు పోని వీధిలో పెడితే అంకె బాగానే వస్తుంది.

బాంబులకి గోడలు పగులుతున్నాయి.

పేలుళ్ల ప్రకంపనకి గనుల భద్రతా డైరెక్టరేట్ పరిమితి పెట్టింది. ఇళ్ల దగ్గర అది సెకనుకి 5 నుంచి 15 మిల్లీమీటర్ల మధ్య, నేల సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందన్న దాన్ని బట్టి మారుతుంది. మట్టి గోడకీ పిల్లర్ల ఇంటికీ తట్టుకునే శక్తి ఒకటి కాదు. మీ ఇంటి గుమ్మంలోనే యంత్రం పెట్టి కొలవమని రాతపూర్వకంగా అడగొచ్చు. గని రాకముందే గోడల ఫోటోలు తేదీతో తీసి పెట్టుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

మా పొలం కింద బాయి ఉంది. కుంగుతుందా?

లోపల పిల్లర్లు ఉన్నంతకాలం కుంగదు. పిల్లర్లు కూడా తీసి కప్పు కూలనిస్తే పైన పల్లం పడుతుంది, అంచుల్లో పగుళ్లు వస్తాయి. చదునుగా ఉన్న వరి మడి వంగితే ఒకవైపు నీళ్లు నిలుస్తాయి, ఇంకోవైపు ఎండుతుంది. బొగ్గు తీసిన ఖాళీలోకి ఇసుక నింపితే కుంగడం బాగా తగ్గుతుంది. తరాల తరబడి ఆ ఇసుక గోదావరి నుంచే వచ్చింది. పొలాన్ని కాపాడడానికి నదిని తవ్వారన్నమాట. ఇప్పుడు ఓసీల్లోంచి తీసిన ఇసుకరాయిని పొడి చేసి ఆ ఇసుకను వాడుతున్నారు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చిన పని అదే.

ఎండలు పెరగడానికి గనులే కారణమా?

రామగుండం, కొత్తగూడెం ముందు నుంచీ ఎండ ప్రాంతాలే. చెట్లు పోయి నల్లరాయి బయటపడిన చోట, పక్కనే విద్యుత్ కేంద్రం ఉన్నచోట వేడి ఇంకాస్త ఎక్కువ తగులుతుంది. మొత్తం జిల్లా ఎండని గని మీద వేయలేం.

గని మూసేశాక ఆ గొయ్యి ఏమవుతుంది?

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఓసీలను "బొందలగడ్డ" అనేవాళ్లు. మాట ఘాటుగా ఉన్నా సంగతి నిజం, చివరి గొయ్యి చాలాసార్లు మిగిలే తీరుతుంది. తవ్విన మట్టి వదులై పొంగుతుంది కాబట్టి గొయ్యి పూర్తిగా నిండాలి కదా అనుకుంటాం. కానీ మొదట్లో తీసిన మట్టి బయట డంపుగా పోస్తారు, దాన్ని తిరిగి మోసుకురావడానికి అయ్యే ఖర్చు ఎవరూ పెట్టరు. మోటార్లు ఆపాక గొయ్యిలో నీళ్లు నిండి పెద్ద మడుగవుతుంది. చుట్టుపక్కల నీటిమట్టం కూడా మెల్లగా పైకొస్తుంది, అయితే పాత మట్టానికే వస్తుందన్న హామీ లేదు.

ఆ మడుగులో చేపలు పెంచొచ్చు, నీళ్లు పొలాలకి ఎత్తొచ్చు. రామగుండం దగ్గర మేడిపల్లి గొయ్యిలో పగలు సౌర విద్యుత్తుతో నీళ్లు పైకి ఎత్తి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే ప్రతిపాదన ఉంది. మంచి ఆలోచనే. అయితే గట్లు నిటారుగా ఉండే ఆ మడుగుల్లో పశువులూ పిల్లలూ పడకుండా కంచె వేయడం ఇంకా ముందు జరగాలి. మూసివేత ప్రణాళిక, దాని ఖర్చు కోసమే విడిగా డబ్బు ఉంచే ఎస్క్రో ఖాతా బ్యాంకులో 2009 నుంచి తప్పనిసరి. మీ గని ప్రణాళికలో చివరి గొయ్యి లోతు, విస్తీర్ణం ఎంత రాశారో చూడండి.

ఏజెన్సీలో గని పెట్టకూడదని సమతా తీర్పు ఉంది కదా?

1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి గనుల కేసులో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గని లీజు ఇవ్వకూడదని చెప్పింది. ప్రభుత్వ సంస్థను అది ఆపదు, సింగరేణి ప్రభుత్వ సంస్థ. కాబట్టి ఇల్లందు, మణుగూరు వైపు ఆ తీర్పు పట్టుకుని గని ఆపించడం కుదరదు. పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ) చట్టం, అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ గొంతు మాత్రం ఉంది. పోడు పట్టా ఉన్నవాళ్లు ముందు ఆ కాగితాలు సరిచూసుకోవాలి.

గని డబ్బులో మా ఊరికి వాటా వస్తుందా?

వంద రూపాయల బొగ్గు మీద 14 రూపాయలు రాయల్టీగా రాష్ట్రానికి పోతుంది. పాత లీజులైతే ఆ రాయల్టీలో 30 శాతం, అంటే ఇంకో 4 రూపాయల 20 పైసలు, జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టుకి కట్టాలి. 2015 నుంచి ఈ పద్ధతి ఉంది. ఆ డబ్బుని మొదట తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం మీద, అదీ గని దెబ్బ తగిలిన ఊళ్లలో ఖర్చు పెట్టాలి. ఊరికి పది కిలోమీటర్ల దూరంలో కమాను కట్టారంటే అది మీ తాగునీటి డబ్బా అని అడిగే హక్కు మీకుంది. ఆర్టీఐ దరఖాస్తుకి ఖర్చు పెద్దగా కాదు.

ప్రజాభిప్రాయ సేకరణలో ఏం అడగాలి?

ఎక్కువమంది మైకు దొరగ్గానే ఉద్యోగం, నష్టపరిహారం అడిగి కూర్చుంటారు. తప్పు కాదు, ఆకలి ముందు. కానీ 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు 40 వేల దగ్గరున్నారు. ఓసీ యంత్రాల గని, అది ఇచ్చే ఉద్యోగాలు కొన్నే. నీళ్ల గురించి అడిగే అవకాశం మాత్రం ఆ ఒక్క రోజే.

సభకి 30 రోజుల ముందు పత్రికలో ప్రకటన రావాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. దాన్ని చదివి వెళ్లండి. పది కిలోమీటర్ల పరిధిలో బావుల లెక్క ఏ నెలలో తీశారు? వానలు పడ్డాక నిండుగా ఉన్నప్పుడు తీసి ఎండాకాలం సంగతి వదిలేశారా? మా ఊరి బావుల్లో ఎన్నింటిని కొలిచారు? రోజుకి ఎంత నీరు తోడతారు, ఎక్కడ వదులుతారు? బావులు ఎండితే నీళ్లెవరు ఇస్తారు, ఎన్నేళ్లు ఇస్తారు? ఇవన్నీ మినిట్స్‌లో రాయించండి. సభ వీడియో తీస్తారు కాబట్టి ఊరి పేరు చెప్పి మాట్లాడండి.

అనుమతి వచ్చేశాక, నష్టం జరిగాక ఎక్కడికి పోవాలి?

పర్యావరణ అనుమతిని సవాలు చేయాలంటే 30 రోజుల్లో హరిత ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. నష్టపరిహారం కోసమైతే అయిదేళ్ల గడువుంది. మన ప్రాంతానికి చెన్నై బెంచి. దానికంటే ముందు కాలుష్య నియంత్రణ మండలికి, కలెక్టరుకి రాత ఫిర్యాదు ఇచ్చి రసీదు దగ్గర పెట్టుకోండి. గని ఆరు నెలలకోసారి నిబంధనల అమలు నివేదిక ఇవ్వాలి. అందులో "అమలవుతోంది" అని రాసిన చోట నిజంగా అవుతోందో లేదో మీ ఫోటోతో పక్కపక్కన పెట్టండి. ట్రిబ్యునల్ ముందు ఉపన్యాసం నిలబడదు, ఇలాంటి కాగితం నిలబడుతుంది.

మా ఊరికి ఇంకా గని రాలేదు. ఇప్పుడే చేయాల్సిన పని ఏమైనా ఉందా?

ఉంది, పైసా ఖర్చు లేదు. ఒక పొడుగు తాడుకి చిన్న బరువు కట్టండి. ఊళ్లో అయిదారు చేదబావులు ఎంచుకోండి, కొన్ని గని వచ్చే దిక్కున, కొన్ని దూరంగా. ప్రతి నెలా ఒకటో తారీఖున పొద్దున్నే, ఎవరూ నీళ్లు తోడకముందు, గట్టు అంచు నుంచి నీళ్ల దాకా ఎంత తాడు దిగిందో టేపుతో కొలిచి నోటుబుక్కులో రాయండి. నెలనెలా కుదరకపోతే జనవరి, మే, ఆగస్టు, నవంబరు వదలొద్దు. కేంద్ర భూగర్భ జల మండలి కొలిచే నెలలూ అవే, రెండు లెక్కలూ పక్కన పెట్టుకోవచ్చు. ఊరి బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకి అప్పజెబితే వాళ్లే చేస్తారు. పేజీ అడుగున పంచాయతీ కార్యదర్శి చేత సంతకం, ముద్ర వేయించుకోండి. వచ్చే మే నెలలో ఒక బావి ఎండితే, అంతకుముందు మే నెలలో అందులో ఎన్ని అడుగుల నీళ్లున్నాయో ఆ పుస్తకం తీసి చూపించవచ్చు.